నరసమ్మ పాట, పావని వీడియో

జూన్ 2, మంగళవారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పెన్ను మూత తీసి రెండుసార్లు మళ్ళీ పెట్టేశాను. కానీ ఈ రోజు నోరు తెరవాల్సిన చోట తెరవలేదు. కనీసం ఇక్కడైనా...

మనవరాలు పావని పాడిన వీడియో ఈ హిందీ ఊళ్ళోని మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పడింది. ర్యాప్ అంటారు. హిందీలో గబగబా అప్పజెప్పినట్టు పాడటం. పావని కారు బానెట్ మీద కూర్చుని ఉంటుంది. వెనక ముగ్గురు కుర్రాళ్ళు చొక్కాల్లేకుండా, తడిసిపోయి, ఆ కారు కడుగుతుంటారు. మాటలు ఈ పేజీలో రాయను. మధ్యలో నాలుగు తెలుగు చరణాలున్నాయి. అవీ రాయను.

సాయంత్రం సంఘం ప్రెసిడెంటు సత్యారావు ఇంటికొచ్చారు. నా కొడుకు రమణ, పావని తండ్రి, అప్పుడే డ్యూటీ దిగి బూట్లు విప్పుతున్నాడు.

"హిందీలో ఏం కూసినా మనకెందుకండీ, ఊరంతా అదే. తెలుగులో ఈ బూతులేటండీ బాబూ? ఆడపిల్ల ఇయ్యన్నీ ఎక్కడ నేర్సుకుందండీ?" అన్నారు సత్యారావు.

అందరూ పావని వైపు చూశారు. పావని నా వైపు చూసింది.

నేను టీ తాగుతున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నాను.

వీడియో తీసెయ్యాలట, సంఘం ముందు క్షమాపణ చెప్పాలట. లేకపోతే ఆదివారాలు సంఘం హాల్లో పావని పిల్లలకి చెప్పే డాన్సు క్లాసు బంద్.

జూన్ 3

ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. నా దగ్గరే.

మాఘమాసంలో ఒకనాడు వచ్చి పక్కన కూర్చుంది. "తాతా, నానమ్మ షాదీల్లో పాడేది కదా... యాద్ హై?" యాద్ లేకపోవడమేమిటి! స్టీలు పళ్ళెం బోర్లించి దరువేస్తూ మరీ చెప్పాను. స్నేహితురాలి పెళ్ళికి కాబోలనుకున్నాను. అది చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఫోను నా మోకాలి మీదే ఉంది, రికార్డు చేస్తూ.

వీడియోలో నాలుగో తెలుగు చరణం తర్వాత ఒక ముసలి నవ్వు వినిపిస్తుంది. రెండు సెకన్లు. ఇంతవరకూ ఎవరూ పోల్చుకోలేదు.

జూన్ 4, గురువారం

మా ఆవిడ నరసమ్మ గురించి రాయాలి. పోయి ఆరేళ్ళు. ఐదో తరగతితో ఆపేసిన నాకు చదివే యావ పట్టించింది ఆవిడే. పచారీ పొట్లాల కాగితాలు విప్పి నా చేత చదివించి, ఎదురుగా కూర్చుని వినేది. సగం కథ ఉన్న కాగితం వస్తే మిగతా సగం కోసం అదే కొట్లో మళ్ళీ పప్పు కొనమనేది. సరే, అది వేరే సంగతి.

మా వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బంతిలో కూర్చుని తింటుంటే, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు నిలబడి వాళ్ళని పాటలతో ఉతికి ఆరేసేవారు. పెళ్ళికొడుకు మేనత్త నడక, మేనమామ పంచె లోపలి సంగతులు... ఏదీ వదిలేవారు కారు. కోపం వచ్చి విస్తరి ముందు నుంచి లేచినవాడు ఓడినట్టు. ఈ ఊళ్ళో భాలుబాసా పేటలో పెళ్ళంటే మా ఆవిడకి ముందుగా కబురొచ్చేది. పొద్దున్నే తులసి దగ్గర స్తోత్రం చదివేది కూడా ఆ గొంతే.

ఒకసారి పెళ్ళికొడుకు బాబాయి, రైల్వే గార్డు, నిజంగానే లేచిపోయాడు. ఈవిడ ఆపలేదు. కుళాయి దాకా పాడుకుంటూ వెంట వెళ్ళింది. చెయ్యి కడుక్కునేలోపు ఆయనకి నవ్వొచ్చేసింది. తిరిగొచ్చి కూర్చుని పెరుగన్నం దాకా తిన్నాడు.

జూన్ 5

ఇలాంటి వీడియోలు వేరేవి కూడా చూశాను. ఒకటి అడిగితే ఫోను ఇరవై తెచ్చిస్తుంది. మెడలో గొలుసులు, పొగ, కార్లు. పాడేది మగవాళ్ళు. చుట్టూ చాలీచాలని బట్టల్లో ఆడపిల్లలు. వాళ్ళలో ఒక్కరికీ ఒక్క మాట లేదు. కెమెరా వాళ్ళ ఒంటి మీద అంతటా తిరుగుతుంది, మొహం దాకా మాత్రం వెళ్ళదు. సిగ్గేసింది. అయినా చివరిదాకా చూశాను, అదీ రాసుకోవాలి.

నరసమ్మ తిట్టినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండేవారు. వాళ్ళ ఆడవాళ్ళు మర్నాడు తిరిగి పాడేవారు, ఇంకా ఘాటుగా. ఈ ఫోనులో పిల్లలు ఎవరికి తిరిగి పాడతారు?

పావని తిరగేసింది. కుర్రాళ్ళని నోరులేని బొమ్మల్లా నిలబెట్టి తను పాడింది. అది తట్టగానే ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత... తిరగేస్తే సరిపోతుందా? తెలియదు. చివర వచ్చే హిందీ చరణం మా ఆవిడ పాటలోది కాదు, పావని సొంతం. అది నాకు నచ్చలేదు. బూతుకి నేను బెదరను గానీ, అందులో నవ్వు లేదు.

జూన్ 6

పావని నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది.

జూన్ 7, ఆదివారం

హాలుకి తాళం. పిల్లలు మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయారట.

రమణ బతిమాలాడు. "నాన్నా, నువ్వు సెప్తే ఇంటాది. తీసీమని సెప్పు."

వెళ్ళాను. పావని సాక్చీ బజార్లోని ఒక స్టూడియోకి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. తన గదిలో కంప్యూటర్ ముందే ఉంది. ఎవరిదో తలంబ్రాల ఘట్టం ముందుకీ వెనక్కీ జరుపుతోంది.

"అమ్మా, ఆ వీడియో సంగతి..."

"ఆప్ వహీఁ బైఠే థే, తాతా."

ప్రెసిడెంటు వచ్చిన రోజు అక్కడే కూర్చున్నావు కదా అని. అంతే. మళ్ళీ తలంబ్రాల వైపు తిరిగింది.

జూన్ 9, మంగళవారం

సోనారి నుంచి నూకాలమ్మ ఆటోలో వచ్చింది. నరసమ్మ పక్కన నిలబడి వంతపాడిన మనిషి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నది.

"ఓలమ్మా! ఇది మా నరసక్క పాట గాదేటి! ...ఆగాగు, ఈ సకిలింపు నీది గాదేటి బావా?"

"నాదే."

"మరి పెసిడెంటుకి ఏటి సెప్పినావు?"

"ఏటీ సెప్పలేదు."

"సిన్నపిల్లని తిడతంటే నోరు మూసుకుని కూకున్నావా? నరసక్కుంటే నీ ఇస్తరి ముందల నిలబడి పాడీసేది."

టీ పెడతానంటే వద్దంది. ఈ ఇంట్లో టీ వద్దని చెప్పి ఎప్పుడూ వెళ్ళలేదు.

జూన్ 12, శుక్రవారం

సంఘం మీటింగు. పిలవకుండానే వెళ్ళాను. నలుగురున్నారు.

నిలబడే చెప్పాను. "ఆ తెలుగు చరణాలు నేర్పింది నేనండీ. మా ఆవిడ పాటవి. రెండో చరణం మీ పెళ్ళిలోనే పాడింది, ప్రెసిడెంటు గారూ. మీ నాన్నగారి మీద."

ఒకాయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సత్యారావు మాత్రం నవ్వలేదు.

"అది వేరండీ. మనోళ్ళ మజ్జన పాట. గుమ్మం దాటలేదు. ఇదేటి, లోకమంతా సూత్తంది. రేపు ఈ పిల్లని బజార్లో ఎవడో ఏదో అంటే తమరు ఎళ్ళి పాట పాడతారా?"

క్షమాపణ కావాలంటే నేను చెబుతానన్నాను.

"తమరు పెద్దోళ్ళు, తమరెందుకండీ? అమ్మాయి సెప్పాల."

ఆలోచించి చెబుతామన్నారు. ఇంటికొచ్చి రమణకి అంతా చెప్పాను, గట్టిగానే, పక్క గదిలోకి వినపడేలా. పక్క గదిలో కీబోర్డు చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూన్ 14, ఆదివారం

వీడియో ఇంకా ఉంది. హాలుకి తాళం కూడా ఉంది. సంఘం ఏమీ తేల్చలేదు.

పొద్దున ఎనిమిదికి పిల్లలు మా వాకిట్లోకి వచ్చారు, ఏడుగురు. మా పేట, బిర్సానగర్ వాళ్ళే అందరూ. సత్యారావు మనవరాలు రాలేదు. పావని స్పీకరు పిట్టగోడ మీద పెట్టింది. వాకిలి చిమ్మింది, నీళ్ళు చల్లింది, చున్నీ నడుముకి బిగించింది. పిల్లలు వరసగా నిలబడ్డారు. వాకిట్లో నా కుర్చీ అడ్డొచ్చి చివరి ఇద్దరికీ చోటు చాలలేదు.

నా వైపు చూసింది.

"తాతా, కుర్సీ హటాఓ."

తీశాను.