చప్పుడు చేయని పెట్టె

గుంతకల్లు,
14–6–1988

తల్లిలా పెంచిన తిప్పమ్మ వదినకు,

జయరాముడు నమస్కరించి రాస్తున్నది. నిన్న అన్న దినాలకు వచ్చి కూడా నీ ముఖం చూడలేకపోయాను. అన్నను చంపింది లైన్‌మన్ సుంకన్న కాదు వదినా, నేను.

మన బోరు మోటారుకు నేను చేసి బిగించిన పెట్టెలో ఒక చిప్పు ఉంది. అది చెప్పిన వేళకు సాలిడ్ స్టేట్ రిలే కరెంటు వదులుతుంది, ఆపుతుంది. పాత స్టార్టర్ అయితే కరెంటు పోగానే టప్‌మని పడేది. ఆ చప్పుడు విన్నాకే అన్న తీగలు ముట్టేవాడు. "దీంట్లో సద్దే రాదు, ఎట్ల తెలుస్తాదప్పా?" అని అడిగితే నవ్వాను. "ఎర్రలైటు ఆరితే చాలన్నా, చెయ్యి పెట్టుకో" అన్నాను. మెయిన్ స్విచ్ కూడా పెట్టలేదు. నా చదువు మీద నాకంత పొగరు.

ఆరోజు కరెంటు పోతూ పోతూ ఎగిసి, రిలే లోపల కాలి అతుక్కుపోయింది. లైటు ఆరిందని అన్న తీగ విప్పాడు. అంతలో కరెంటు వచ్చింది. చిప్పు ఆపమనే చెప్పింది, చిప్పుకే కట్టిన ఆ లైటు వెలగలేదు. కాలిన రిలే మాత్రం ఆపలేదు.

అన్న వేళ్లు మాడి తీగకు అంటుకుని ఉంటే చూసి నాకు పిచ్చెత్తింది. "నువ్వే కరెంటు ఇడిసి మాయన్నను సంపినావు కదరా!" అని పైపురెంచితో సుంకన్న మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగింది. అయినా ఇంకో రెండు దెబ్బలు వేశాను. మర్నాడు రిలేకి మీటరు పెట్టి చూస్తే నిజం తెలిసింది. నోరు మూసుకున్నాను.

శుక్రవారం కరెంటు ఆఫీసు విచారణలో సుంకన్న ఉద్యోగం పోతుంది. వచ్చి అంతా ఒప్పుకుంటాను. నన్ను క్షమించకు.

నీ మరిది,
జయరాముడు

విడపనకల్లు,
16–6–1988

నేను పెంచిన జయరాముడికి,

నువ్వు రాసింది నాకు కొత్త కాదు. మీ అన్నను మట్టి చేసిన మర్నాడే సుంకన్న చేతికి కట్టుతో వచ్చాడు. "లైటు ఆరే ఉండాదమ్మా, తీగలో కరెంటు ఉండాది. ఆ పొద్దే టెస్టరు పెట్టి చూసినా. జయరాముడికి చెప్పొద్దు, తెలిస్తే బతకడు" అన్నాడు. నీకు అప్పటికే తెలుసని అతనికి తెలియదు. ఆ పెట్టెకు మీటరు పెట్టి నువ్వు తల బాదుకోవడం మోటారు గది తలుపు సందులోంచి నేను చూశాను.

దినాల దాకా ఆగాను. అన్నకు పిండం పెట్టేటప్పుడైనా చెబుతావనుకున్నాను. నువ్వు బస్సెక్కాక గడ్డపారతో ఆ పెట్టెను పిండి చేశాను. పక్కనుంటే నీ తల మీదా వేసేదాన్ని. నిన్న ఆ ముక్కలు మూటగట్టి పోలీసు స్టేషనులో పడేసి, నీ పేరు చెప్పాను. ఈరోజు నీ ఉత్తరం వచ్చింది. ఒక్కరోజు ముందు రాయలేకపోయావా?

ఇది అందేసరికి పోలీసులు గుంతకల్లులో నీ రిపేరు అంగడికి వచ్చి ఉంటారు. సుంకన్న చెయ్యి కుళ్లిందని మోచేతి పైదాకా తీసేశారు. అది నీకు ఇంకెవరో చెప్పడం నాకు ఇష్టం లేదు.

తిప్పమ్మ