సగం తాగిన సీసాలు

తమ్ముడూ,

ఈరోజు నీ సంవత్సరీకం. నాకు సెలవు దొరకలేదు. నేను ఊడ్చి తుడిచే కోకాపేట ఆఫీసులో మీటింగ్ అయ్యాక, సగం తాగిన నీళ్ల సీసాలన్నీ ఎప్పటిలాగే సింకులో ఒంపమన్నారు. నీళ్ల ట్యాంకర్ నడిపినన్నాళ్లూ నువ్వు కారే చుక్కలకు బకెట్ పెట్టేవాడివి. ఆ నీళ్లు ఒంపడానికి నాకు చేతులు రాలేదు. రెండు సీసాలు సంచిలో దాచాను.

గేటు దగ్గర సెక్యూరిటీ యాదమ్మ పట్టుకుంది.

"ఏందక్కా గిది? మీ ఇంట్ల నల్లా లేదా? ఎంగిలి నీళ్లకు నౌకరి పోగొట్టుకుంటవా?"

"మా తమ్మునికి, చెల్లే. ఇయ్యాల వాని సంవత్సరీకం."

ఆమె సంచి మూసి నా చేతికిచ్చింది.

ఇంట్లో నీ ఫోటో ముందు పెట్టబోయి ఆగాను. నీకు ఎంగిలి ఎలా పెట్టను? నువ్వు నాటిన కరివేపాకు మొక్కకు పోశాను. దీపం ముందు కూర్చున్నా మనసు నిలవడం లేదు.

రేపు మళ్లీ మీటింగ్ ఉంది.

నీ పెద్దక్క