మూడో డ్రమ్ము నీళ్లు

ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,
హోసూరు అంచున కాపురమున్న రైతు బైరప్ప వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా ఇంటి వాన డ్రమ్ములో దోమ పురుగు ఉన్నదో లేదో నిజం తేల్చుట గురించి.

తమిళం మాట్లాడగలను గాని వ్రాయలేను. చదివింది తెలుగు బడిలో. మన్నించవలెను.

1. మా వీధి బోరు ఎండిపోయినందున, నా భార్య పిల్లమ్మ పెంచుకునే పెరటి మొక్కల కోసం మూడు వాన డ్రమ్ములు తయారు చేశాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు వాడి అమ్మేసే నీలం డ్రమ్ములు తెచ్చి, బాగా కడిగి, ఇటుకల మీద నిలబెట్టి, రేకుల చూరు నుండి పైపు దించి, అడుగున కొళాయి బిగించాను. దోమలు దూరకుండా మూతికి సన్నని వల కట్టాను.

2. ఎదురింటి సుమ కూతురు నేత్రకు ఆరేళ్లు. తల్లిదండ్రులు కంపెనీ పనికి పోతే ఆ బిడ్డ సాయంత్రాలు మా పెరట్లోనే ఉండేది. చెంబుతో గుమ్మడి పాదుకు నీళ్లు పోసేది. మాకు పిల్లలు లేరు. ఈ సంగతి తమ కార్యాలయానికి సంబంధించినది కాదని తెలుసు. అయినా వ్రాశాను.

3. మొన్నటి వానల్లో నేత్రకు డెంగీ వచ్చి కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చారు. తర్వాత తమ సిబ్బంది వచ్చి వీధంతా తనిఖీ చేసి, మా ఇంటి ముందరి రెండు డ్రమ్ములూ ఒంపించారు. వారి విధి వారు చేశారు, అందుకు ఫిర్యాదు లేదు. "పురుగు ఉండిందా సార్?" అని అడిగాను. "ఉన్నా లేకున్నా నీళ్లు నిలవ పెట్టగూడదు పెద్దాయనా" అని వెళ్లిపోయారు.

4. అదే రోజు సుమ మా గేటు దగ్గర నిలబడి, "మీ నీళ్లే నా బిడ్డను పండబెట్టినాయి. యాడికి పోయి చెప్పుకునేదమ్మా నేను?" అని ఏడ్చింది. పిల్లమ్మ లోపలికి వచ్చి, కాయ పట్టిన గుమ్మడి తీగను వేళ్లతో సహా పీకేసింది.

5. ఇది వ్రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కొళాయి ధార సన్నగా వస్తుందని, బిడ్డ చెంబు ముంచుకోవడానికి వీలుగా పిల్లమ్మ వల విప్పి పెట్టేదట. "చెంబు ముంచితే ఆ బిడ్డ నవ్వుతా ఉండింది. మళ్లా కట్టేది మరిచిపోయినాను. నేనే కదా చేసింది?" అంటుంది. అన్నం ముందు కూర్చుని అదే అడుగుతుంది. వీధి చివర సగంలో ఆగిన మేడ గుంతలో కూడా నీళ్లున్నాయి, ఆడ పుట్టి ఉండొచ్చు కదా అన్నాను. "నీకు తెలుసునా?" అంది. నాకు తెలియదు అయ్యా.

కావున ప్రార్థించునది ఏమనగా, ఇంటి వెనుక ఉన్న మూడో డ్రమ్మును ఎవరూ చూడలేదు. దాని వల కూడా విప్పే ఉండింది. ఇప్పుడు మందపు గుడ్డ కప్పి బిగించి కట్టాను. నీళ్లు ముట్టలేదు. పరీక్ష చేయించి, తేలినది సుమ చదువుకోగలిగేటట్టు తమిళంలో వ్రాసి ఇప్పించవలెను. పురుగు ఉంటే శిక్ష నాకు వేయండి, డ్రమ్ములు చేసినవాడిని నేను. లేకుంటే ఆ కాగితం సుమకు చూపిస్తాను.

ఈ ముసలివాడి మొర చిత్తగించి దయచూడవలెనని కోరు,
తమ విధేయుడు,
బైరప్ప

తా.క.: ఇది కవరులో పెట్టేలోపే సుమ వచ్చింది. నేత్రకు తగ్గిందని, రేపు ఇంటికి తెస్తున్నామని గేటు బయటే నిలబడి చెప్పి వెళ్లింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే పెరట్లో చప్పుడైంది. పోయి చూస్తే పిల్లమ్మ మూడో డ్రమ్మును పడదోసి ఉంది. "తెలుసుకొని ఏం చేస్తావయ్యా? పురుగు ఉండిందని తేలితే, రేపు ఆ బిడ్డ మొగం ఎట్ల చూసేది నేను?" అంది.

కనుక పరీక్షకు నీళ్లు లేవు. అయినా ఎవరినైనా పంపండి అయ్యా. ఇది నీవల్ల జరగలేదమ్మా అని ఆమెతో ఒక్క మాట చెప్పిపోతే చాలు. నేను చెబితే నమ్మడం లేదు.