గదుమ మీద విభూతి

గురువారం, మానుకోట

పొట్ట దగ్గరి కొవ్వు తీయించి గదుమలోకి ఎక్కించుకుని పన్నెండు రోజులైంది. పెదవి కింద నా గదుమ మరీ లోపలికి ఉందని హైదరాబాద్ వెళ్లి చేయించుకున్నాను. ఇంట్లో మాత్రం పన్ను పీకించుకున్నానని చెప్పాను.

వాపు తగ్గడం లేదని అవ్వ భయపడింది. మోకాళ్ల నొప్పులతోనే కాళేశ్వరం పోయి, మొక్కుకుని ఈ సాయంత్రం వచ్చింది. వస్తూనే నా గదుమకు విభూతి రాసింది.

"జర తగ్గింది బిడ్డా. మొత్తం తగ్గినంక మళ్ల పోయి కొబ్బరికాయ కొట్టొస్త."

"ఎందుకవ్వా, నీ కాళ్లు చూడు, ఎట్ల ఉబ్బినయో."

"నా కాళ్లకేమైతది?"

ఇది మొత్తం తగ్గదు. తగ్గకూడదనే చేయించుకున్నాను. ఆమె కాళ్లకు నూనె రాశాను.