నా వంతు మీఠా

పంజగుట్ట, 4 జులై 2011

శ్రీ హనుమత్ప్రసాద్ గారికి నమస్కారం.

మా మధుమేహ పరిశోధన శిబిరంలో మీరిచ్చిన రక్తంలో, ఒక జన్యువులో అరుదైన మార్పు కనిపించింది. షుగర్ ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో ఈ మార్పు ఉన్నవారికి చిన్న వయసులోనే జబ్బు వచ్చింది. యాభై రెండేళ్ల మీకు మాత్రం రాలేదు. మామూలు జనంలో ఇది ఏం చేస్తుందో తెలుసుకోవడమే మా పని. కంగారు పడకండి. మీ తల్లిదండ్రుల ఆరోగ్య వివరాలు రాసి పంపండి.

ఇట్లు,
డాక్టర్ సుష్మిత


అమీర్‌పేట, 6 జులై

డాక్టరు గారికి,

కంగారు పడకండి అన్న ముక్క చదివాకే నాకు కంగారు మొదలైంది. మా నాన్నగారు రామ్మోహనరావు గారికి ముప్పై అయిదో ఏట షుగర్. యాభైకల్లా కాలు తీసేశారు. ఆయన తమ్ముళ్లిద్దరూ ఇన్సులిన్ మీదే బతికి, ఆ జబ్బుతోనే కాలం చేశారు. ఆ భయంతో పాతికేళ్లుగా నేను తీపి ముట్టలేదు. నాది జావా నేర్చుకునే కుర్రాళ్ల హాస్టల్. ఆదివారం డబుల్ కా మీఠా వండిస్తాను, వాసన చూసి లేచిపోతాను. నా సంగతి సరే, మా అమ్మాయి రవళికి ఇరవై రెండేళ్లు. దానికీ ఇది అంటించేశానా? అది చెప్పండి.

భవదీయుడు,
హనుమత్ప్రసాద్

తా.క.: గిన్నెలో మిగిలితే నా మనసు లాగుతుందని నా వంతు మీఠా కూడా మా ఆవిడ నాగేశ్వరే తినేస్తుంది. అలాంటి ఇల్లాలు దొరకడం నా అదృష్టం.


పంజగుట్ట, 9 జులై

హనుమత్ప్రసాద్ గారికి,

మీ తండ్రిగారి వివరాలు చూశాక రవళికి పరీక్ష చేయడం మంచిదనిపిస్తోంది. ఆమెకు ఈ మార్పు వచ్చే అవకాశం సగానికి సగం.

ఇట్లు,
సుష్మిత

తా.క.: మా అటెండర్ సారయ్య చెప్పాడు, "గా హాస్టల్ సార్ రోజు గేటు కాడికొస్తుండు, జరసేపు నిలబడి పోతుండు. లోపలికి రమ్మంటే వస్తలేడు" అని. లోపలికి రండి సార్.


అమీర్‌పేట, 12 జులై

డాక్టరు గారికి,

ఆ సగం మాట విన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. రవళి టీలో చక్కెర ఆపించాను. హాస్టల్లో మీఠా రద్దు చేశాను. "మా జన్యువులు బాగానే ఉన్నాయి, మా మీఠా మాకివ్వండి" అని కుర్రాళ్లు నోటీసు అంటించారు. బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుని, చేతిలో పెట్టిన బెల్లం ప్రసాదం కూడా నాగేశ్వరికే ఇచ్చాను.

భవదీయుడు,
హనుమత్ప్రసాద్

తా.క.: సంగతి తెలిసి నన్ను కన్న నాన్నగారు సూర్యనారాయణ గారు తెనాలి నుంచి దిగారు. ఎనభై రెండేళ్లు, పూటకు రెండు లడ్డూలు. ఆయన వివరాలు మీకు రాసి పంపలేదు. ఏ బంధుత్వమూ లేని రామ్మోహనరావు గారికి అయిదో ఏట నన్ను శాస్త్రోక్తంగా దత్తత ఇచ్చేశారు కదా. గోత్రమే మారాక జబ్బులు మాత్రం పాత ఇంటివి ఎలా అవుతాయండి?


పంజగుట్ట, 8 ఆగస్టు

హనుమత్ప్రసాద్ గారికి,

మీ తాజా కలం చదివి చాలాసేపు తల పట్టుకున్నాను. హోమం ముందు గోత్రం మారుతుంది కానీ రక్తం మారదు సార్. అందుకే ఆ రోజే ఫోన్ చేసి అందరినీ రమ్మన్నాను. సూర్యనారాయణ గారు తన ఫలితం ఊరంతా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మీలో ఉన్న మార్పే ఆయనలోనూ ఉంది, షుగర్ మాత్రం లేదు. ఈ మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు వచ్చి తీరాలని లేదని మేం అనుకుంటున్నదానికి మీ ఇల్లు మంచి ఉదాహరణ. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి, చాలు. మిగతావారి ఫలితాలు ఎవరివి వారికి విడి కవర్లలో పెట్టాను.

ఇట్లు,
సుష్మిత


అమీర్‌పేట, 15 ఆగస్టు

డాక్టరు గారికి,

రవళికీ ఆ మార్పు ఉందట. "తాతయ్యకున్నదే కదా నాన్నా" అని నవ్వేసింది. నెల రోజుల బరువు ఆ నవ్వుతో దిగిపోయింది. హాస్టల్లో మీఠా మళ్లీ మొదలైంది.

కృతజ్ఞతలతో,
హనుమత్ప్రసాద్

తా.క.: అందరితోపాటు ఊరికే రక్తమిచ్చిన నాగేశ్వరి కూడా తన కవరు విప్పింది. జన్యువులో ఏ మార్పూ లేదు. షుగర్ మాత్రం రెండు వందల ఎనభై. "పాతికేళ్లు మీ వంతు నేను తిన్నాను, ఇక నా వంతు మీరు తినండి" అంది. నిన్న గిన్నె ముందుపెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఆవిడ చక్కెర లేని టీ తాగుతోంది. చెంచా పైకి లేవలేదండి. గిన్నె రవళికిచ్చేసి, ఇద్దరం ఎర్రమంజిల్ దాకా నడిచొచ్చాం.