చూడకుండా ఆడిన ఆట

నరసరావుపేట,
11-7-1984

చిరంజీవి శివకుమారికి నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది మీ అమ్మ మూతి ఒక్కటే, అది నా మీద బిగుసుకుని ఉంది. ఎందుకో చెబుతాను. నువ్వు విశాఖపట్నంలో ఆ హాస్టలు సాంబారు తింటూ కూడా కులాసాగానే ఉన్నావని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. అది వానకు ముందు నొప్పి పుడుతుంది. ఈ ఏడు వానే లేదు కాబట్టి నేను సుఖంగా ఉన్నాను, రైతులు ఏడుస్తున్నారు. మీ నాన్న లారీకి కొత్త టైర్లు వేయించాడు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు.

ఇక పేకాట. ఆదివారాలు హాస్టల్లో వేరుశెనక్కాయలు పందెం కాసి మూడు ముక్కలాట ఆడుతున్నారనీ, నువ్వే ఓడుతున్నావనీ, కిటుకు చెప్పమనీ రాశావు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని ఇది అడగడానికి నీకు నోరెట్లా వచ్చిందని కోప్పడదామనుకున్నాను. కోపం రాలేదు. నా దగ్గర నేర్చుకుని ఓడుతున్నావంటే సిగ్గేసింది.

నువ్వు ఎంతసేపూ నీ ముక్కలే చూసుకుంటావు. ఎదుటి మనిషిని చూడు. వారం కిందట మీ అమ్మ వాళ్ళ నాన్న పిచ్చియ్యగారు వెల్దుర్తి నుంచి వచ్చారు. ఎందుకొచ్చారో తర్వాత చెబుతాను. మధ్యాహ్నాలు పొద్దుపోక చింతపిక్కలు కాసి ఆడుకున్నాం. ఆయనకు ముక్కలు నేలన పడీపడకముందే అంచు ఎత్తి చూసుకునే జబ్బు. మంచి ముక్కలు పడితే నోరు మెదపడు. నాసిగా ఉంటే మాత్రం మిరపకాయల ధర గురించి మాట్లాడతాడు.

నియమం నీకు తెలిసిందే. ముక్కలు చూసినవాళ్ళు చూడనివాళ్ళకు రెట్టింపు వెయ్యాలి. పైగా, చూడకుండా ఆడేవాళ్ళను ముక్కలు తిప్పి చూపమని షో అడిగే హక్కు చూసినవాళ్ళకు లేదు. అందుకని నేను ముక్కలు ముట్టుకోకుండా పిక్క వెనుక పిక్క జరుపుతూ కూర్చున్నాను. తెలియని దానికి రెట్టింపు పోసేది ఆయన. నాలుగు ఆటల్లో మూడింట్లో మిరపకాయల ధర మొదలుపెట్టి ముక్కలు పారేశాడు. వాటిలో ఒకసారి నా దగ్గరున్నవి ఎందుకూ కొరగానివి.

రెండు రోజులకు ఆయనకూ తెలివొచ్చింది. “చెల్లెమ్మా, ఇయ్యాల నేనూ చూడను” అని ముక్కల మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వెంటనే నేను చూడటం మొదలుపెట్టాను. చెత్త పడితే అక్కడే పారేయడం, జత పడితే ఉండటం, ఇంకా మంచివి పడితే గుప్పెడు పిక్కలు పోయడం. ఆయన పంతం కొద్దీ చూడకుండా వేస్తూనే ఉన్నాడు. “ఏందమ్మా, నిన్నటి ఆట ఇయ్యాల లేదేంది?” అన్నాడు. “నిన్నటి మీరు ఇవాళ లేరు కదా అన్నయ్యగారూ” అన్నాను. హాస్టల్లో నిన్ను ఓడించే పిల్ల కూడా ఏదో ఒకటి మానుకోలేక చేస్తూ ఉంటుంది. అదేదో కనిపెట్టు. అది మార్చుకున్ననాడు నువ్వూ మార్చుకో.

ఇప్పుడాయన ఎందుకొచ్చారో చెబుతాను. శ్రావణంలో నీకూ మీ మేనమామ త్రికోటేశ్వరరావుకూ ముహూర్తం పెట్టించాలని. నిన్న అన్నాలు తిన్నాక మాట ఎత్తాడు. “నర్సు ట్రైనింగు ఇక చాలు చెల్లెమ్మా. ఆస్పత్రిలో ఊరోళ్ళకు సేవ చేసేదేందో మా ఇంట్లోనే చేస్తది” అన్నాడు. మీ అమ్మ మొహం వెలిగింది. మీ నాన్న ఎప్పటిలాగే ఫ్యాను వంక చూశాడు. నేనింకా నోరు తెరవలేదు, ఆయన మిరపకాయల ధర ఎత్తుకున్నాడు. నాకు అర్థమైంది.

“అట్లాగే అన్నయ్యగారూ. రేపు పోస్టాఫీసుకు వెళ్ళి హాస్టలుకు ట్రంకాల్ బుక్ చేద్దాం. మా అందరి ముందూ పిల్లను మీరే అడగండి. ఊ అంటే శ్రావణంలోనే చేద్దాం. కాదంటే మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు.”

“పిల్లనడిగేదేంది? మన ఇళ్ళల్లో ఎవరడిగారు?”

“అడిగితే మీకు పోయేదేముంది?”

ఆయన నన్ను చానాసేపు చూశాడు. “నువ్వు ముందే అడిగి ఉంటావ్. అదేమందో నీకు ఎరికే.”

నేను మజ్జిగ గ్లాసు అందించాను.

“ట్రైనింగు అయిందాకా ఆగుదాంలే” అన్నాడు చివరికి. పొద్దున మాచర్ల బస్సుకు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మీ అమ్మ నాకు కూర పెద్ద చప్పుడుతో వడ్డిస్తోంది.

ఇందాకటి నుంచి రాయలేక వాయిదా వేస్తున్న మాట ఒకటుంది కుమారీ. నేను నిన్ను ఎన్నడూ అడగలేదు. మీ తాత అనుకున్నట్టు నాకేమీ తెలియదు. నా మనవరాలు కదా, చదువే కోరుకుంటుందని నాకు నేనే అనుకున్నాను. ఆయన బస్సెక్కాక అరుగు మీద కూర్చుంటే భయం పట్టుకుంది. కోటేశు మంచివాడు. తాగడు, అరవడు. నిరుడు తిరునాళ్ళలో వాడేదో అంటే నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. అది మేనమామ మీద చనువో, ఇంకొకటో, దాన్ని కూడా నేను నాకు కావలసినట్టే చదువుకున్నాను. చూడని ముక్కల మీద పందెం వేశాను. వేసింది నా పిక్కలు కాదు.

అందుకని ఈ ఉత్తరం. కోటేశు నీకు ఇష్టమైతే రాయి. నేనే వెల్దుర్తి వెళ్ళి, ట్రైనింగు పూర్తయ్యేదాకా ఆగమని బతిమాలుకుని, సంబంధం ఖాయం చేసుకుని వస్తాను. మీ తాత ఏడాది పొడుగునా నన్ను చూసి నవ్వుతాడు, నవ్వనీ. ఇష్టం లేకపోతే అదీ రాయి, మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఏదీ తేల్చుకోలేదంటే, తేలలేదనే రాయి. అది కూడా జవాబే.

ఒక్కటి మాత్రం చెయ్యకు. నాయనమ్మకు ఏది నచ్చుతుందా అని ఆలోచించి రాయకు.

ఇట్లు,
నీ మాట వినవలసిన
నాయనమ్మ సామ్రాజ్యమ్మ