తుంగ మూలలో దొరికిన వల

మంగళవారం, మధ్యాహ్నం

బామ్మర్దికి,

ప్రభువు కృప నీకూ, నీ భార్యాపిల్లలకూ తోడుండాలి. ఉత్తరమన్నాక ఈ మాట రాయాలి గనుక రాశాను; ఈపూట మనసులోంచి మాత్రం రావడం లేదు. ఇక్కడ క్షేమమే. మీ అక్క మోకాలి నొప్పి తగ్గింది. పడవకు తారు పూశాను. అది ఇక నీళ్లలో దిగుతుందో లేదో ఆదివారం అందరూ మందిరం దగ్గర కూడినప్పుడు తేలుతుంది.

చేపలు గుడ్లు పెట్టే ఈ వానల్లో తుంగ మూలకు ఎవరూ వల తీసుకెళ్లకూడదని చెరువు మీద బతికే అందరి దగ్గరా మాట తీసుకున్నది ఎవరు? నేను. తప్పినవాడి పడవ ఒడ్డెక్కాల్సిందే అన్నదీ నేనే. తల్లిచేపను పట్టినవాడు రేపటి అన్నంలో మన్ను పోసుకున్నట్టేనని మందిరంలో గొంతు పోయేదాకా ప్రసంగించాను. నిన్న అదే మూలలో వల దొరికింది. ఒడ్డున పరిచి చూస్తున్నారు. తుంగలో ఆడమనిషి అలికిడి విన్నానని పడవల మేస్త్రీ ఏదో మొదలుపెట్టాడు. అంతలో నువ్వు మధ్యలో దూరి, తలెత్తకుండా, ఇది మా బావ వల అన్నావు.

అంతే! అయ్యగారు చేపలకు కూడా బాప్తిస్మం ఇస్తున్నారా అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు, నిజమే. ఆపనూ లేదు.

బడికెళ్లినవాణ్ణి కాదు. నా అక్షరాలన్నీ పరిశుద్ధ గ్రంథంలోనే కూడబలుక్కున్నాను. పక్కన కూర్చుని తిన్నవాడే ప్రభువును అప్పగించాడని అందులో చదివినప్పుడల్లా వాడెవడో అనుకునేవాణ్ణి. మా ఇంట్లోనే తిని చెయ్యి కడుక్కుంటాడని అనుకోలేదు.

ఇంకో సంగతి. ఆ వల చిరుగుల దగ్గర ముళ్లు చూశాను. రెండు చుట్లు చుట్టి వెనక్కి లాగే ముడి. ఈ చెరువు మీద అది నాకొచ్చు, నేను నేర్పితే నీకొచ్చు. ఆ ముళ్లు వేసింది నేను కాదు. మరి మిగిలింది ఎవరు? నా వల ఎత్తుకెళ్లి, వేసి, నా మీదకే తోస్తావా? ఆదివారం ఈ మాటే అందరి ముందూ అడుగుతాను. మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తాను.

ఇక నా గడప తొక్కొద్దు.

ఇట్లు,
నిన్ను సొంత తమ్ముడనుకున్న
మీ బావ

తా.క. మడిచే ముందు ఒకసారి పైకి చదివాను. నేను చదివితే వీధంతా వినబడుతుందని నీకు తెలుసుగా. గుమ్మంలో వల బాగుచేస్తున్న మీ అక్క చెయ్యి ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆ వేళ్ల మధ్య రెండు చుట్లు, వెనక్కి లాగిన ముడి. చిరిగిన వల పొద్దున్నే బాగై కనిపిస్తే, ఎవరు చేశారని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు నేను.

వాణ్ణేమీ అనకు, తుంగలో వల వేసింది నేనే అంది. పట్టిందంతా మందిరానికీ, వచ్చినవాళ్లకూ పంచేస్తే మన పొయ్యి మీదకు ఏం రావాలయ్యా అని అడిగింది. తుంగలో తనను నువ్వు చూశావట. అక్క మాట బయటికి రాకూడదని బావ పేరు చెప్పావట. అక్కాతమ్ముళ్లిద్దరికీ దొరికింది నేనే అన్నమాట! మంట ఇంకా చల్లారలేదు. అందుకే పైన రాసింది కొట్టెయ్యలేదు, చదువుకో.

ఆదివారం నేనే నిలబడి, వల నాదే, పడవ ఒడ్డెక్కించండి అంటాను. వల నాదే గదా, అబద్ధం కాదు. నువ్వు నోరెత్తకు. పడవ లాగడానికి మాత్రం వచ్చి ఒక చెయ్యి వెయ్యి. నా ఒక్కడి వల్ల కదలదు.